గర్వాలోవ్ గారి దరువు పెట్టె

గురువారం పొద్దున ఆరున్నరకు నెవ్యానా గర్వాలోవా వేసుకున్న పథకంలో గొడవ పడటం అనే అంశమే లేదు. తమ్ముడు స్తమెన్ పోయి ఆ రోజుకు సరిగ్గా పదేళ్ళు. నల్ల అంచు శ్రద్ధాంజలి కాగితాలు ఊళ్ళో ఆరు చోట్ల గోడలకీ తలుపులకీ అంటించాలి, చర్చిలో కొవ్వొత్తి వెలిగించాలి, ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోటు పొడి కలిపి నలుగురికీ పంచాలి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి కాళ్ళు చాపుకోవాలి. సాయంత్రం ఐదింటికి, ఊరి పుస్తకాలూ పాటలూ అన్నీ చూసే పఠనమందిరం సంఘం సమావేశం ఉంది. తను సభ్యురాలు కాకపోయినా వెళ్ళి, అక్కడ కూడా నోరు మూసుకుని కూర్చోవాలనే అనుకుంది. ముప్ఫైనాలుగేళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన మనిషికి అదెంత కష్టమైన నిర్ణయమో రూసే పట్టణంలో ఆమె దగ్గర చదివిన ఎవరిని అడిగినా చెబుతారు.

సమావేశంలో తేలాల్సింది ఒక్కటే, స్తమెన్ యంత్రం ఎక్కడ ఉండాలన్నది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ వాళ్ళు పారేసిన సామాన్లు ఏరుకొచ్చి, వంటింటి బల్ల మీద పెట్టుకుని, రెండేళ్ళు తంటాలు పడి చేసిన యంత్రం అది. పైన పియానోకి ఉన్నట్టు మెట్లు, కింద దానంతట అదే దరువు వేసే పెట్టె. 1979లో దాంతో నాలుగు పాటల రికార్డు చేశాడు. దేశంలో యంత్రం చేత దరువు వేయించి పాట కట్టిన మొదటి మనిషి అతనే. అతను పోయినప్పటి నుంచి ఆ యంత్రం పఠనమందిరం ముందు హాల్లో, ఒక మూల, పూలకుండీ పక్కన ఉంది. ఇప్పుడు ఆ మూలలో కాఫీ యంత్రం పెట్టాలట. స్తమెన్‌ది నేలమాళిగలోకి పోవాలట. ఆ నేలమాళిగలోకి ఏటా వసంతంలో డాన్యూబ్ నది నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తాయి.

సంఘంలో ఓట్లు ఏడు. ముగ్గురు యంత్రం ఉండాలంటున్నారు, ముగ్గురు పోవాలంటున్నారు. ఏడో ఓటు మెతోది కల్పక్‌చీవ్‌ది. ఒకప్పుడు స్తమెన్ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు. అతని మనసులో ఏముందో అతను ఎవరికీ చెప్పలేదు.

స్తమెన్ గొప్పవాడా కాదా అన్న విషయంలో రూసే ఊరు ఊరంతా ఇలాగే చీలి ఉంది. ఈ రోజు కంప్యూటర్ల ముందు కూర్చుని పాటలు కట్టే ప్రతి పిల్లా, పిల్లాడూ అతని మనవలేనని ఒక వర్గం అంటుంది. రేకుల మోతని సంగీతమని పేరు పెట్టి, వాద్యగాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసి, చివరికి తనే పెళ్ళిళ్ళలో వాయించుకుని బతికాడని ఇంకో వర్గం. నెవ్యానాకు నిజానికి ఆ పాటలు ఒక్కటీ నచ్చలేదు. తమ్ముడు బతికుండగా బట్టలుతికే యంత్రం నయమని మొహం మీదే అనేది. ఆమె అక్క కాబట్టి ఆమె అనొచ్చు. ఇంకొకడు అంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది.

మొదట ఒళ్ళు మండింది తొమ్మిదింటికి, పఠనమందిరం తలుపు దగ్గర. ఆమె కాగితం అంటించి, జిగురు చేతులు తుడుచుకుంటుండగా అకార్డియన్ మాస్టారు పానయోత్ వచ్చాడు. సంఘంలో సభ్యుడు, కాఫీ యంత్రం ఆలోచన ఈయనదే. పోయినవాళ్ళ పేర ఇచ్చే గోధుమలు ఎవరికైనా ఇవ్వాల్సిందే కాబట్టి ఆమె ఒక కప్పు నింపి చేతిలో పెట్టింది.

"దేవుడు అతన్ని క్షమించుగాక," అన్నాడు పానయోత్, అందరూ అనే మాటే. రెండో చెంచా నోట్లో పెట్టుకుని, "అతని పాటల్ని కూడా," అన్నాడు.

నెవ్యానా జిగురు డబ్బా మూత బిగించుకుంది. పథకం ప్రకారమే నడుచుకుంటోంది.

పానయోత్ మెడ సాచి కాగితం చదివాడు. "దేశంలో యంత్రంతో దరువు వేయించిన మొదటివాడు... ఇదేం గొప్పండీ? మా తాత గేదె తోకకి గంట కట్టాడు. అదీ దానంతట అదే మోగేది."

"ఇలా ఇవ్వండి," అంది నెవ్యానా.

"ఏంటి?"

"కప్పు ఇవ్వండి."

"ఇంకా సగం ఉందండీ!"

"అందుకే అడుగుతున్నా."

చనిపోయినవాళ్ళ పేర ఇచ్చిన గోధుమలు మనిషి నోటి ముందు నుంచి వెనక్కి లాక్కోవడం రూసేలో అంతకుముందు ఎవరూ చూడలేదు. అటుగా పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూసి మరీ వెళ్ళారు.

చర్చి నుంచి పదకొండింటికి ఇంటికొచ్చేసరికి, వాళ్ళ అపార్ట్‌మెంటు తలుపు మీద ఆమె కాగితం పక్కనే ఇంకో కాగితం తడిజిగురుతో మెరుస్తోంది. అదే నల్లటి అంచు. ఫోటోలో స్తమెన్ పక్కన మెతోది, ఇద్దరికీ చెవుల మీదికి జుట్టు. కింద ఇలా ఉంది: "స్తమెన్ గర్వాలోవ్ పోయి పదేళ్ళు. నా కుర్చీలో ఒక పెట్టెని కూర్చోబెట్టాడని ఊరు చెప్పుకోవడం మొదలై ఇరవైతొమ్మిదేళ్ళు. రెండూ మరిచిపోని మెతోది."

నెవ్యానా ఆ ముక్కని మూడుసార్లు చదివింది. చెయ్యి దానంతట అదే కాగితం అంచు దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. శ్రద్ధాంజలి కాగితాన్ని మనుషులు చింపకూడదు. వాన తడపాలి, ఎండ మాడ్చాలి, గాలి ఊడదీయాలి. శత్రువు పేర వేసిందైనా సరే. నచ్చకపోతే పక్కన ఇంకోటి అంటించుకోవడం తప్ప దారి లేదు.

ఆ దారి ఆమె ఒక్కదానికే తట్టలేదు. ట్రాలీబస్సు స్టాపు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ ఆమె కాగితం, మెతోది కాగితం, వాటి కింద పానయోత్ కాగితం. "స్తమెన్ గర్వాలోవ్ పెట్టె దెబ్బకి కూడు పోగొట్టుకున్న పెళ్ళి బృందాల స్మృతికి" అని ఉంది. ఫోటోలో మనిషి లేడు, అకార్డియన్ ఉంది. దాని పక్కన బిల్యానా అనే అమ్మాయిది. సంఘంలో అందరికంటే చిన్నది, నెలనెలా కంప్యూటర్ పాటల సాయంత్రాలు జరిపిస్తుంది. "తాతయ్యా, నీ దరువే మా గుండె" అని రాయించింది. అటూ ఇటూ చదువుతూ నిలబడ్డ జనం రెండు ట్రాలీబస్సులు వదిలేశారు.

నెవ్యానా నేరుగా కామెన్ కొట్టుకు వెళ్ళింది. ఊళ్ళో చావులకి శవపేటికల దగ్గర నుంచి కాగితాల దాకా చూసేది అతనే. ఎనిమిదో తరగతిలో ఆమె ఎన్నోసార్లు గోడకుర్చీ వేయించినవాడు.

"టీచర్‌గారూ," అన్నాడు కామెన్ లేచి నిలబడి, "పొద్దుటి నుంచి ఒక్క చావు లేదు, అయినా కాగితం అయిపోతోంది."

"నాకొకటి కావాలి. మెతోది ఫోటో ఉంది కదా నీ దగ్గర? అందులోంచి వాడి బొమ్మ ఒక్కటే కోసి పెట్టు."

"మెతోది గారు... బానే ఉన్నారు కదండీ? ఇందాకే వచ్చి వెళ్ళారు."

"మనిషి పోయాడని ఎవరన్నారు? రాసుకో. మెతోది కల్పక్‌చీవ్ గారి దరువు జ్ఞానం చాలా ఏళ్ళ కిందటే కన్నుమూసిందని, దాన్ని బతికించడానికి ఒక పెట్టె ఎంత కష్టపడ్డా లాభం లేకపోయిందని, విన్నవాళ్ళందరూ విచారిస్తున్నారని."

కామెన్ కాసేపు గోడకుర్చీ వేసిన రోజుల్లోలాగే చూశాడు. "పేరు మాత్రం పెద్ద అక్షరాల్లోనే పడుతుందండీ. పైన 'తీరని దుఃఖంతో' అని కూడా దానంతట అదే వచ్చేస్తుంది. నాకు తీయడం రాదు."

"రానీ. దుఃఖం నిజమే."

"శిలువ పెట్టమంటారా, ఆకుకొమ్మ పెట్టమంటారా?"

"చెవి బొమ్మ ఉందా?"

"లేదండీ."

"అయితే కొమ్మే పెట్టు."

మూడు కాగితాలు తీసుకుని పఠనమందిరం దగ్గర, ట్రాలీబస్సు స్టాపు దగ్గర, మార్కెట్ దగ్గర గట్టిగా రుద్ది మరీ అంటించింది. మెతోది ఎలాగూ యంత్రానికి వ్యతిరేకంగానే ఓటేస్తాడని వాడు వేసిన కాగితంతో తేలిపోయింది, ఇంక వాడి ముఖం చూసి మొహమాటపడేదేముంది అనుకుంది. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకుంటే హాయిగా నిద్రపట్టింది. తప్పు చేసినవాళ్ళకి అంత మంచి నిద్ర ఎందుకు పడుతుందో తెలియదు.

నాలుగింటికి ఎవరో తలుపు కొట్టారు. కింద అంతస్తు దోంకా, తలకి నల్ల రుమాలు కట్టుకుని నిలబడి ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా దోంకా మొదటి గంటలోనే ఏడుస్తుంది.

"విన్నావా నెవ్యానా? మెతోది పోయాడు."

నెవ్యానా ఆమెని లోపలికి లాగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి, కాగితం పడింది కదా. మార్కెట్ దగ్గర చూశా. ఫోటో ఎంత బాగుందో, పాతికేళ్ళవాడిలా ఉన్నాడు."

"ఫోటో కింద ఏం రాసి ఉందో చదివావా?"

"కళ్ళద్దాలు తీసుకెళ్ళలేదు. అయినా కింద ఏముంటుందే, అందరికీ ఒకటే కదా రాసేది."

"దోంకా, వాడు పోలేదు."

"నీకెలా తెలుసు? నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చా. గంట కొట్టినా తలుపు తీయలేదు. వాకిట్లో అప్పటికే ఎనిమిది కార్నేషన్ పూలు. ఎవరో లెక్క చూసే పెట్టారు, సరిసంఖ్యలో. బతికున్నవాడికి సరిసంఖ్య పూలు ఎవరిస్తారు?" దోంకా కళ్ళు తుడుచుకుంది. "పన్నెండున్నరకి గాలం పట్టుకుని మెట్లు దిగాడట పాపం, పక్కింటాయన చూశాడు. నదిలోనే అయ్యుంటుంది."

నెవ్యానా మెతోది ఇంటికి ఫోన్ చేసింది. పన్నెండుసార్లు మోగి ఆగిపోయింది. అప్పుడు ఆమెకి నిజంగా భయం వేసింది. తను రాసింది చదువుకుని గుండె ఆగి పోలేదు కదా? గట్టున ఒంటరిగా కూర్చుని, ఊరంతా తనని చూసి నవ్వుతోందని తలుచుకుని...? తమ్ముడు ఆస్పత్రిలో ఉన్న నెలంతా పక్క మంచం మీద రాత్రీ పగలూ కూర్చున్నది ఈ మెతోదే. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. పదకొండింటికి గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇంకో భయం కూడా వెంటనే తోసుకుంటూ వచ్చింది. పఠనమందిరం నియమావళి ఆమెకి కంఠతా వచ్చు. ఓట్లు సమానమైతే ప్రతిపాదన చేసినవాళ్ళ మాటే నెగ్గుతుంది. ప్రతిపాదన పానయోత్‌ది. మెతోది ఉంటే చివరి నిమిషంలో స్నేహితుడి వైపు చెయ్యెత్తేవాడేమో; ఏడో మనిషి లేకపోతే మూడు, మూడు. అంటే స్తమెన్ యంత్రాన్ని డాన్యూబ్‌లో ముంచింది ఎవరో కాదు, తనే. తన కాగితం, తన కోపం, తను అడిగిన చెవి బొమ్మ.

ఆమె చెప్పులు వేసుకుని పరుగు పెట్టింది. పఠనమందిరం గోడ మీద కాగితం ఇంకా తడిగానే ఉంది. గోరు పెట్టి కింది మూల లేపింది. సగం ఊడివస్తుండగా వెనక నుంచి కేక వినపడింది.

"అయ్యో, పోయినోడి కాగితం చింపుతోంది చూడండి!"

నిమిషంలో పదిమంది పోగయ్యారు. పొద్దున గోధుమల కప్పు సంగతి చూసిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

"చచ్చినోళ్ళతో పెట్టుకుందేంటి ఇవాళ ఈవిడ?" అంది ఒకావిడ.

"వాడు చావలేదమ్మా, బతికే ఉన్నాడు!" అని అరిచింది నెవ్యానా.

"మరి కాగితం?"

"కాగితం నేనే వేశాను!"

"అతను పోకుండానే వేశారా?" అన్నాడొకాయన. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. "అతను పోతాడని మీకెలా తెలుసు?"

"కింద చదవండయ్యా! కింద ఏం రాసుందో చదవండి!" అని గోడ వైపు చూపించింది. కింద రాసిన భాగం ఆమె చేతిలోనే నలిగి ఉండ అయిపోయి ఉంది. గోడ మీద మిగిలింది పేరు, ఫోటో, తీరని దుఃఖం.

చేతిలో ఆ తడి ముక్కతోనే సమావేశానికి వెళ్ళింది. ఐదు దాటింది. మెతోది కుర్చీ ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. పూలకుండీ పక్కన స్తమెన్ యంత్రం కనిపించేలా తలుపు తెరిచే ఉంది. అందరూ నిలబడి ఉన్నారు.

"సెక్రటరీ గారూ, ఒక్క మాట," అంది నెవ్యానా.

"మీరు సభ్యులు కారు నెవ్యానా గారూ," అంది సెక్రటరీ వెలిచ్కా తల వంచుకునే. "పైగా మౌనం పాటిస్తున్నాం."

"అదే చెబుతున్నా, మౌనం అక్కర్లేదు!"

"ష్!" అన్నారు ఆరుగురూ ఒక్కసారి. ఆమె మీద ఇన్నేళ్ళలో ఎవరూ 'ష్' అనలేదు. ఆ దెబ్బకి ఆమె నోరు నిజంగానే పడిపోయింది.

నిమిషం అయ్యాక పానయోత్ గొంతు సవరించుకున్నాడు. "మెతోది బంగారంలాంటి మనిషి. ఒకరి జోలికి పోలేదు, ఒకరిని నొప్పించలేదు. కానీ పోయినవాడి ముందు అబద్ధం చెప్పకూడదు. దరువు మాత్రం చేతిలో నిలిచేది కాదు. ఎంత వద్దనుకున్నా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. నాకు ఆ యంత్రం అంటే అసహ్యం. కానీ దరువు విషయంలో ఆ రేకుపెట్టె మన మెతోది కంటే నయం."

"ఆ పెట్టె నేనేరా!"

గుమ్మంలో మెతోది నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఒక చేతిలో రెండు చేపలున్న సంచి, ఇంకో చేతిలో ఎనిమిది కార్నేషన్లు. పానయోత్ వైపు ఓటేసే గాయకబృందం ఆవిడ శిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కూలబడింది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. పానయోత్ మాట మొత్తం విన్నాడని మాత్రం ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"మెతోదీ, నువ్వు... మేము నిన్ను పొగుడుతున్నాం..." అన్నాడు పానయోత్.

"విన్నాను నీ పొగడ్త! ఇరవైతొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కాదు." చేపల సంచి కింద పడేసి, పూలని బల్ల మీద విసిరికొట్టాడు. "రాజధానిలో, సోఫియా స్టూడియోలో రికార్డింగు రోజున ఆ పెట్టె నాలుగు దరువులు వేసి పొగ వదిలింది. కాలిపోయింది. మాకిచ్చింది రెండు గంటలు. స్తమెన్ నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఒక బిస్కెట్ల డబ్బా మీద తువ్వాలు కప్పి, తెర వెనక నన్ను కూర్చోబెట్టి, 'ఒరేయ్, నువ్వే యంత్రం, రెప్ప కూడా వేయకు' అన్నాడు. నాలుగు పాటలూ నేనే. పధ్నాలుగు నిమిషాలు. ఆర్నెల్లు ఆగు, పెట్టె బాగయ్యాక అందరికీ చెబుదాం అన్నాడు. అది ఎప్పుడూ బాగవలేదు. ఈ రోజుకీ అందులో ఉన్నది మాడిపోయిన తీగలే!"

"అబద్ధం!" అంది నెవ్యానా. నోరు తిరిగొచ్చింది.

మెతోది బల్ల మీదున్న రెండు పెన్సిళ్ళు తీసుకుని వాయించడం మొదలుపెట్టాడు. రికార్డులో మొదటి పాట. బిల్యానా దాన్ని ఎన్ని వందలసార్లు విన్నదో ఆ పిల్లకే తెలియదు. పన్నెండో దరువు రాగానే ఆమె ముఖంలో రక్తం లేదు.

"అక్కడ... అక్కడ కొంచెం ఆలస్యం ఉంటుంది," అంది చిన్న గొంతుతో. "బాబాయ్, దాని మీద నేను వ్యాసం రాశాను. యంత్రానికీ ఒక ప్రాణం ఉందని అక్కడే తెలుస్తుందని రాశాను. ఎంతోమంది ఆ ఆలస్యాన్ని కావాలని అలాగే కొడతారు."

"తుమ్ము వస్తే ఆపుకున్నానమ్మా," అన్నాడు మెతోది.

ఆ తర్వాత పావుగంట ఎవరి మాట ఎవరూ వినలేదు. బిల్యానా ఏడుస్తూ లేచింది. తాతయ్య లేడు, గుండె లేదు, ఉన్నదల్లా ఒక బిస్కెట్ల డబ్బా, ఇది దేశం మీద చేసిన మోసం, ఆ మోసానికి హాల్లో పీట వేయడానికి తను ఒప్పుకోనంది. ఆమె వైపున్న ఇద్దరు రిటైరైన ఇంజినీర్లు కూడా తలలు పట్టుకుని అదే మాటన్నారు. పానయోత్ మాత్రం వెలిగిపోతున్నాడు.

"అంటే మనిషే వాయించాడా? చేత్తోనా?" అని మెతోది చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "పధ్నాలుగు నిమిషాలు ఆపకుండా? ఒరే, అయితే అది సంగీతమే కదరా! ఈ యంత్రం ఇక్కడి నుంచి కదిలితే నేను ఊరుకోను. కాఫీ కావాలంటే రోడ్డు దాటి వెళ్ళి తాగండి." గాయకబృందం వాళ్ళిద్దరూ కూడా అదే అన్నారు.

వెలిచ్కా ఓట్లు మళ్ళీ లెక్కపెట్టింది. ఉండాలన్న ముగ్గురు వద్దంటున్నారు, వద్దన్న ముగ్గురు ఉండాలంటున్నారు. మూడు, మూడు. అందరూ మెతోది వైపు చూశారు. నెవ్యానా లేచి అతని ముందుకి వెళ్ళి నిలబడింది.

"పదేళ్ళ కిందట వాడు పోయాక చెప్పొచ్చుగా?"

"పోయినవాడి మీద ఎలా చెప్పనక్కా?"

"మరి బతికున్నప్పుడు?"

"బతికున్నప్పుడు వాడు నా స్నేహితుడు." మెతోది ముక్కు ఎగబీల్చాడు. "నా పెళ్ళాం కూడా పెట్టెతో ఓడిపోయిన మగాడివి అంది తెలుసా? వదిలేసి వెళ్ళేటప్పుడు అదే మాట. నేను నోరెత్తలేదు. ఇవాళ వాడి పదేళ్ళ కాగితం మీద కూడా 'యంత్రంతో దరువు వేయించిన మొదటివాడు' అని చూసేసరికి కడుపు రగిలిపోయింది. రెండు ముక్కలు రాశాను. దానికి నువ్వు నన్ను చంపేశావు కదక్కా!"

"నేను చంపింది నీ దరువునిరా. ఊరు సరిగా చదవకపోతే నేనేం చేయను?"

"అది నన్ను చంపడం కాదా?"

నెవ్యానా చేతిలోని తడి కాగితాన్ని నలుపుతూ నిలబడింది. కోపం ఇంకా పోలేదు, తమ్ముడి మీద, వీడి మీద, తన మీద. అందరి ముందూ చెప్పకూడని మాట ఆ కోపంలోనే బయటికి వచ్చేసింది.

"వాడి పాటలు నాకు ఒక్కటీ నచ్చలేదు. ఆ గొంతూ నచ్చలేదు, ఆ రాగాలూ నచ్చలేదు. వాడు పోయాక రోజూ పొద్దున ఆ రికార్డు పెడతాను. వాడి కోసం కాదు, దరువు కోసం. వంటింట్లో కత్తి దానంతట అదే ఆ దరువుకి కదులుతుంది. పదేళ్ళుగా ఆ ఇంట్లో నాకు తోడున్నది అదొక్కటే."

 మెతోది పెన్సిళ్ళు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత తన కుర్చీలో కూర్చుని, ముందున్న కొవ్వొత్తిని ఊది ఆర్పేసి, చెయ్యెత్తాడు.

"యంత్రం ఉండాలి," అన్నాడు. "కానీ దాని మీద పలక పెట్టి నా పేరు రాయాలి."

"'దేశంలో మొదటి యంత్రం' అన్న మాటలో ఒక్క అక్షరం తీయను," అంది నెవ్యానా వెంటనే.

"నా పేరు లేకపోతే చెయ్యి దించేస్తా."

"దించితే ఈసారి నిజంగానే చంపుతా!"

ఆ పలక మీద ఏం రాయాలన్నదాని మీద ఇద్దరూ గంటా పది నిమిషాలు అరుచుకున్నారు. మధ్యలో పానయోత్ ఏదో సర్ది చెప్పబోతే ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. చేపలు వాసన రావడం మొదలయ్యాక వెలిచ్కా కలం తీసుకుని, ఇద్దరూ ఎక్కడ పట్టు వదలలేదో అక్కడ ఉన్నదున్నట్టు రాసుకుని, సమావేశం ముగిసిందని ప్రకటించింది.

పఠనమందిరం ముందు హాల్లో ఆ ఇత్తడి పలక ఇప్పటికీ ఉంది: "దేశంలో మనిషి చెయ్యి తగలకుండా దానంతట అదే దరువు వేసిన మొదటి యంత్రం. వాయించినవారు: మెతోది కల్పక్‌చీవ్."